పిల్లల అద్భుత కథలలో మంత్రవిద్య: క్రైస్తవ తలిదండ్రుల ఆందోళనను గూర్చి ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

మంత్రగాళ్లు, మాయలు, మాట్లాడే జంతువులు లేని బాలసాహిత్యం ఏ భాషలోనూ కనబడదు. అయినను ఇటువంటి కథలను క్రైస్తవ తలిదండ్రులు మనస్సాక్షికి సంబంధించిన సమస్యగా ఎంచి సంఘకాపరులను సలహా అడగడం గడచిన పాతికేళ్లలో బాగా పెరిగింది. దీనికి ప్రధాన కారణం జె.కె. రౌలింగ్ రచించిన హారీ పాటర్ నవలలు. మొదటి నవల 1997 జూన్‌లో ఇంగ్లండులో వెలువడింది. 2007 జూలైలో ఏడవ నవలతో కథ ముగిసింది. అమెరికా గ్రంథాలయ సంఘం ప్రకటించిన లెక్క ప్రకారం 2000 నుండి 2009 వరకు గల దశాబ్దంలో అక్కడి బడులలోను గ్రంథాలయాలలోను అత్యధికంగా అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాలు ఇవే.

వివాదం పుట్టింది అమెరికాలో. మనకు అది ఇంగ్లీషు మీడియం బడుల ద్వారాను, తెలుగు డబ్బింగుతో వచ్చిన చిత్రాల ద్వారాను, అక్కడ స్థిరపడిన మన బంధువుల ద్వారాను చేరింది. వివాదంతోపాటు అక్కడి వాదాలు కూడ యథాతథంగా మన ప్రసంగ వేదికల మీదికి వచ్చాయి. ఆ వాదాలలో బలమైనవేవి, బలహీనమైనవేవి, లేఖనాలు నిజముగా నిషేధించినదేమిటి, మంత్రం పేరిట మనుష్యులను చంపుకున్న చరిత్రగల మన నేలమీద ఈ ప్రశ్న ఏ రూపం ధరిస్తుంది అనే సంగతులను ఈ వ్యాసంలో పరిశీలించదలచాను.

వివాదం నడచిన తీరు

2001 డిసెంబరు చివరిలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని అలమొగోర్డో పట్టణంలో ఒక సంఘం ఈ నవలలను బహిరంగంగా తగులబెట్టింది. మరుసటి సంవత్సరం ఆర్కన్సా రాష్ట్రంలోని సీడర్‌విల్ పాఠశాలల బోర్డు, తలిదండ్రుల సంతకం తెస్తే తప్ప ఈ పుస్తకాలను పిల్లలకు ఇవ్వకూడదని ఇద్దరికి వ్యతిరేకంగా ముగ్గురి ఓటుతో తీర్మానించింది. వాటిని ఉంచవచ్చునని బోర్డు వేసిన సమీక్షా సంఘం అంతకుముందే ఏకగ్రీవంగా చెప్పియున్నది. నాలుగవ తరగతి చదివే ఒక బాలిక తలిదండ్రులు కోర్టుకు వెళ్లగా, 2003 ఏప్రిల్‌లో ఫెడరల్ న్యాయస్థానం ఆ తీర్మానాన్ని కొట్టివేసి పుస్తకాలను తిరిగి అరల మీద పెట్టమని ఆదేశించింది. వివాదం అంతటితో ఆగిపోలేదు. 2019లో కూడ టెనెస్సీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో ఒక కథోలిక పాఠశాల ఈ పుస్తకాలను తన గ్రంథాలయం నుండి తొలగించింది.

క్రైస్తవులందరు ఒకే మాట పలికారనుకోవడం మాత్రం పొరపాటు. ఇవాంజెలికల్ వర్గంలో మిక్కిలి పేరుగల క్రిస్టియానిటీ టుడే పత్రిక 2000 జనవరిలో ఈ నవలలను సమర్థిస్తూ సంపాదకీయం వ్రాసింది. చెరసాల పరిచర్యకు పేరుపొందిన చక్ కోల్సన్ అంతకు కొద్దికాలం ముందే, ఈ కథలలోని మాయ దయ్యముల సహవాసంతో జరిగేది కాదు, యంత్రంలా పనిచేసేది అని వివరించాడు. సాహిత్య ఆచార్యుడు అలన్ జేకబ్స్ కూడ ఆ 2000 జనవరిలోనే ఇంచుమించు అదే దారిలో వ్రాశాడు. మరొకవైపు రిచర్డ్ అబానెస్ 2001లో ప్రచురించిన గ్రంథంలో, ఈ నవలలలో నిజమైన రహస్యవిద్యల జాడలు ఉన్నాయని ఉదాహరణలతో చూపాడు. రోమన్ కథోలిక సంఘంలో సైతం రెండు అభిప్రాయాలున్నాయి. 2003 ఫిబ్రవరిలో వాటికన్ విలేఖరుల సమావేశంలో ఒక గురువు ఈ కథలు మంచి చెడుల తేడా తెలుసుకోవడానికి పిల్లలకు తోడ్పడతాయని చెప్పగా, అదే సంవత్సరం అప్పటి కార్డినల్ రాట్‌జింగర్, వాటిని విమర్శించిన ఒక జర్మన్ రచయిత్రిని మెచ్చుకుంటూ ఉత్తరం వ్రాశారు.

వివాదంలో జరిగిన ఒక సంఘటనను ఇక్కడ ప్రత్యేకంగా ప్రస్తావించాలి. కల్పిత వార్తలతో నవ్వించే ఆనియన్ అనే అమెరికా వ్యంగ్య పత్రిక 2000లో, హారీ పాటర్ చదివిన పిల్లలు సాతాను ఆరాధనలో చేరుతున్నారని ఒక హాస్య కథనం అచ్చువేసింది. అందులోని పిల్లల మాటలన్నీ కల్పితాలే. అయితే కొందరు విశ్వాసులు దానిని నిజమైన వార్తగా నమ్మి ఈ-మెయిలు ద్వారా ఒకరికొకరు పంపుకున్నారు. అది సంఘం నుండి సంఘానికి, దేశం నుండి దేశానికి వ్యాపించింది. మంత్రవిద్యను నిషేధించిన మోషే ధర్మశాస్త్రమే అబద్ధ సాక్ష్యమును కూడ నిషేధించింది. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం చేతపట్టుకొని 5వ అధ్యాయం 20వ వచనం మీద కాలు మోపి నడవడం మనకు తగదు. తలిదండ్రుల భయం యథార్థమైనదే. యథార్థమైన భయానికి అబద్ధపు ఆధారం అవసరం లేదు.

లేఖనాలు నిషేధించినదేమిటి?

నిషేధాన్ని గూర్చిన ముఖ్య వాక్యభాగం ద్వితీయోపదేశకాండము 18:9-14. అక్కడి పట్టికను మన తెలుగు అనువాదకులు ఎంత శ్రద్ధతో తర్జుమా చేశారో గమనించదగినది. సోదె, శకునము, చిల్లంగి, కర్ణపిశాచి అనేవి మన పల్లెలలో వాడుకలో ఉన్న మాటలు. పరదేశపు పాపాన్ని గూర్చి చదువుతున్నామని కాక తమ వీధిలోని సంగతినే చదువుతున్నామని పాఠకులకు తోచేటట్లు వారు ఆ మాటలను ఎన్నుకొన్నారు.

అయితే ఇందువలన ఒక చిక్కు కూడ వచ్చింది. హెబ్రీ భాషలో ఒకే ధాతువు నుండి వచ్చిన మాటను ఇక్కడ చిల్లంగివాడు అని, నిర్గమకాండము 22:18లో శకునము చెప్పునది అని అనువదించారు. గ్రీకులో మత్తయి 2వ అధ్యాయంలోని మగోయ్ మనకు జ్ఞానులయ్యారు. ఆ మాటకు ఏకవచనమైన మగోస్ అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయంలో ఎలుమ దగ్గరికి వచ్చేసరికి గారడీవాడు అయింది. గారడీ అంటే మనకు సంతలో డోలు కొట్టి, బుట్టలోనుండి పామును తీసేవాడు గుర్తుకు వస్తాడు. చేతివాటంతో వినోదం చూపించేవానిని పౌలు గద్దించలేదు. గలతీయులకు 5:20లో అభిచారము అని చదివే మాటకు మూలం ఫార్మకేయ. మందులు, విషములు, వశీకరణలు అన్నీ అందులో ఇమిడియున్నాయి. కాబట్టి మంత్రము, మాయ అనే మాట కనబడిన ప్రతి పుస్తకానికి ఈ వచనాలను అతికించక ముందు, ఆ వచనాలు దేనిని ఉద్దేశించి పలుకబడ్డాయో చూడాలి.

ద్వితీయోపదేశకాండములోని పట్టిక మొదట ఏమి చెప్పుచున్నది? కుమారునైనను కుమార్తెనైనను అగ్నిగుండము దాటించుటను. మంత్రవిద్యను గూర్చిన నిషేధం పిల్లల ప్రాణరక్షణతో ఆరంభమవుచున్నది. ఆ తరువాత వచ్చేవన్నీ రెండు కోరికలకు సంబంధించినవి: దాచబడిన సంగతులు తెలుసుకోవాలనే కోరిక, ఇతరులమీద శక్తి సంపాదించాలనే కోరిక. ఈ నిషేధానికి ముగింపు 15వ వచనంలో ఉన్నది. దేవుడు తన ప్రజలకు ఒక ప్రవక్తను పుట్టిస్తాడు, వారు అతని మాట వినాలి. అనగా ప్రశ్న, ఎవరి స్వరం వింటాము అన్నది. సౌలు ఏన్దోరుకు వెళ్లినది యెహోవా తనకు ఉత్తరమియ్యని తరువాతనే (1 సమూయేలు 28:6-7).

పుస్తకాలు తగులబెట్టేవారు తరచుగా చూపే వాక్యభాగం అపొస్తలుల కార్యములు 19:19. ఎఫెసు పట్టణం మంత్రాక్షరాలకు ప్రసిద్ధి. వాటిని ఎఫెసు అక్షరాలనే పేరుతోనే గ్రీకులు ఎరిగియున్నారు. అక్కడ కాల్చబడిన పుస్తకాలు ప్రయోగ గ్రంథాలు: ఏ మాట ఎన్నిసార్లు పలకాలో, దేనిని ఎక్కడ పాతిపెట్టాలో చెప్పేవి. వాటి వెల ఏబదివేల వెండి రూకలు. ఒక్కొక్క రూక ఒక కూలివాని దినభత్యమని లెక్కవేస్తే అది ఎంత పెద్ద త్యాగమో తెలుస్తుంది. ఆ విశ్వాసులు తమ సొంత పుస్తకాలను తెచ్చుకొన్నారు, పొరుగువాని అర మీద నుండి తీయలేదు. పౌలు ఆజ్ఞాపించినట్లు కూడ లూకా వ్రాయలేదు.

దానియేలు ఉదాహరణ ఇంకొకటి. కల్దీయుల విద్యను, భాషను నేర్చుకొనమన్నప్పుడు అతడు నిరాకరించలేదు. రాజు భుజించు భోజనమును మాత్రం నిరాకరించాడు. శకునాలతో నిండిన ఆ సాహిత్యాన్ని చదివి, శకునం చెప్పక, ఆ శకునగాండ్రకే అధిపతిగా నియమింపబడ్డాడు (దానియేలు 1:4-8; 4:9). యోతాము గెరిజీము కొండమీద చెప్పిన కథలో చెట్లు మాట్లాడతాయి, రాజును ఎన్నుకొంటాయి (న్యాయాధిపతులు 9:8-15). చెట్లు మాట్లాడవని యోతాముకు తెలుసు, షెకెము వారికీ తెలుసు. కల్పితమైనంత మాత్రాన అబద్ధమని లేఖనం తీర్పు తీర్చదు.

కథలోని మాయ, లోకంలోని మంత్రం

హారీ పాటర్ నవలలను సమర్థించే జాన్ గ్రేంజర్ వంటివారు చేసే ఒక విభజన ఉపయోగకరమైనది. ఆవాహన మంత్రం వేరు, ఉచ్చారణ మంత్రం వేరు. మొదటి దానిలో ఒక ఆత్మను, ఒక శక్తిని పిలిచి తనలోనికో తన పనికో రప్పించుకొంటారు. లేఖనాలలోని నిషేధం ముఖ్యంగా దీనిపైనే. రెండవ దానిలో మాట పలికితే పని జరుగుతుంది, అది ఆ కల్పిత లోకపు సహజ నియమం. రౌలింగ్ కథలో పిల్లలు ఏ దయ్యాన్నీ వేడుకొనరు. శక్తి పుట్టుకతో వచ్చేది, లేనివాడు ఎంత చదివినా దానిని సంపాదించలేడు. వారు పలికే మంత్రాలు చాలామట్టుకు విరిచిన లాటిను ముక్కలు.

ఈ విభజన నాకు సమంజసంగా తోచింది గాని, దీనితో అభ్యంతరాలన్నీ తీరిపోయాయని చెప్పడం న్యాయం కాదు. అబానెస్ చూపిన కొన్ని సంగతులు నిజమే. మొదటి నవలలోని నికొలస్ ఫ్లామెల్ 1418లో మరణించిన పారిస్ నగర లేఖకుడు, తరువాతి కాలంలో రసవాదిగా పేరు కట్టబడినవాడు. పిల్లలు పోగుచేసే చిత్రాల కార్డుల మీద అగ్రిప్ప, పారాసెల్సస్ వంటి చారిత్రక రహస్యవిద్యావేత్తల పేర్లున్నాయి. ఆసక్తిగల పిల్లవాడు ఆ పేర్లు వెదికితే కథ దాటి వెళ్లగలడు. మూడవ నవలలో జ్యోతిషం నేర్పే అధ్యాపకురాలిని రచయిత్రి ఎగతాళి చేసినా, ఆమె నోట వచ్చిన ప్రవచనం నెరవేరుతుంది. నాలుగవ నవలలో శ్మశానంలో ఎముక, మాంసము, రక్తముతో జరిగే తంతు ఉచ్చారణ మంత్రం అనే గీతను దాటిపోతుంది. అది దుష్టుల పనియే, రచయిత్రి దానిని అసహ్యంగానే చిత్రించింది. అయినను తొమ్మిదేళ్ల పిల్లవాడు రాత్రిపూట ఒంటరిగా చదవదగిన భాగం కాదు.

పెద్దల మాట తప్పడం, అబద్ధమాడడం, దానికి తరచుగా శిక్ష లేకపోవడం అనే అభ్యంతరం మంత్రానికంటె గట్టిది. మన చర్చలలో దానికి తక్కువ చోటు దొరకడం విచారకరం. మంత్రం కనబడుతుంది గనుక దానిని పట్టుకొంటాము.

వీటన్నిటికి ఎదురుగా, కథ మూలంలో ఉన్న సంగతిని కూడ చెప్పాలి. పసివానికి బదులుగా తల్లి తన ప్రాణం అర్పిస్తుంది. శత్రువు చంపలేకపోయినది ఆ ప్రేమవలననే. ఆ శత్రువు జీవించేది ఇతరుల రక్తంమీద. ఏడవ నవలలో రెండు సమాధి రాళ్లమీద కొత్త నిబంధన వాక్యాలు చెక్కబడియున్నాయి, 1 కొరింథీయులకు 15:26, మత్తయి 6:21 నుండి తీసినవి. వచన సంఖ్యలు అక్కడ లేవు గనుక బైబిలు ఎరుగని పాఠకుడు గుర్తించకపోవచ్చు. 2007 అక్టోబరులో రచయిత్రి ఆ రెండు వాక్యాలలో మొత్తం కథాసారం ఇంచుమించు ఉన్నదని చెప్పారు. దీనినిబట్టి ఆ నవలలు సువార్త గ్రంథాలు కావు. సాతాను గ్రంథాలు కూడ కావు.

లూయిస్ చూపిన దారి

క్రైస్తవ రచయితలలో సి.ఎస్. లూయిస్, జె.ఆర్.ఆర్. టోల్కీన్ మాయా కథలు వ్రాశారు గనుక అన్నీ మంచివే అనే వాదన తేలికగా చెప్పబడుతున్నది. అది చాలదు. వారు మాయతో ఏమి చేశారన్నది చూడాలి. లూయిస్ నార్నియా కథలు ఏడు, 1950 నుండి 1956 వరకు వెలువడినవి. వాటిలో మూడు ఘట్టాలు మన విషయానికి చాలా విలువైనవి.

ప్రిన్స్ కాస్పియన్ (1951) కథలో యుద్ధంలో ఓడిపోతున్న పక్షంలో నికబ్రిక్ అనే మరుగుజ్జు, చనిపోయిన మంత్రగత్తెను తిరిగి పిలుద్దామంటాడు. దానికి ఒక ముసలి మాయలాడిని, ఒక తోడేలు మనిషిని తీసుకువస్తాడు. దేవుని సహాయం ఆలస్యమైంది, ఎవరి సహాయమైనా తీసుకొందాము అన్నదే అతని వాదం. ఏన్దోరులో సౌలు వాదం కూడ ఇదే. కాస్పియన్ అందుకు ఒప్పుకొనడు. చదివే పిల్లవానికి ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం గుర్తు చేయడానికి ఇంతకంటె మంచి ఘట్టం నాకు దొరకలేదు.

రెండవది వాయేజ్ ఆఫ్ ద డాన్ ట్రెడర్ (1952) లో ఉన్నది. లూసీ అనే బాలిక ఒక మాంత్రికుని పుస్తకం తెరుస్తుంది. అందరికంటె అందగత్తెను కావాలనే మంత్రం చదవబోయి, పుటలో అస్లాన్ సింహముఖం కోపంతో కనబడగా ఆగిపోతుంది. తరువాత స్నేహితురాలు తనను గూర్చి ఏమంటున్నదో వినే మంత్రం చదువుతుంది. విన్న మాటవలన ఆ స్నేహం చెడిపోతుంది. దాచబడినది తెలుసుకోవాలనే కోరిక మనిషిని ఏమి చేస్తుందో ప్రసంగం లేకుండ అక్కడ తెలియజేయబడింది.

మెజీషియన్స్ నెఫ్యూ (1955) ఇంకా లోతైనది. డిగొరీ అనే బాలుని తల్లి మరణశయ్య మీద ఉన్నది. ఆమెను బాగుచేయగల పండు అతని చేతిలో ఉన్నది. దొంగిలించి తీసుకుపొమ్మని మంత్రగత్తె ప్రేరేపిస్తుంది. పండు పనిచేయదని లూయిస్ చెప్పడు. పనిచేస్తుంది, కాని ఆ విధంగా పొందిన జీవం దుఃఖానికే. బాలుడు ఏడుస్తూనే ఆజ్ఞకు లోబడతాడు. ఆ తరువాత, అడగకుండానే, మరొక పండు అతనికి ఇవ్వబడుతుంది. మంత్రానికి, ప్రార్థనకు గల తేడా ఇదే. మంత్రం తీసుకొంటుంది. ప్రార్థన అడిగి, కనిపెట్టుకొని ఉంటుంది.

ఈ ఘట్టాలవలన ఒక కొలత దొరుకుతుంది. కథలో మాయ ఎంత ఉన్నదని కాక, శక్తి ఎవరిది, దానిని ఎట్లు పొందుతారు, దేనికి వాడతారు, దానికి మూల్యం ఎవరు చెల్లిస్తారు అని అడగాలి. ఈ కొలత లేకపోతే ఎంత తికమక కలుగుతుందో మెడలీన్ లెంగిల్ రచించిన ఎ రింకిల్ ఇన్ టైమ్ (1962) కు పట్టిన గతి చూపుతుంది. రచయిత్రి క్రైస్తవురాలు, కథ నిండ బైబిలు ధ్వనులే. అయినను మంత్రగత్తెలవలె కనబడే మూడు పాత్రలున్నాయని అనేక చోట్ల అభ్యంతరాలు వచ్చాయి. దీనికి భిన్నంగా ఫిలిప్ పుల్‌మన్ 1995 నుండి 2000 వరకు ప్రచురించిన మూడు నవలలలో దేవుడే ముసలివాడై చచ్చిపోతాడు, సంఘమే శత్రువు. అయినను 2007లో చలనచిత్రం వచ్చేవరకు వాటిని గూర్చిన అలజడి హారీ పాటర్ మీద రేగినదానితో పోల్చితే స్వల్పమే. మంత్రదండాన్ని వెదికే కన్నులకు అవి తప్పించుకొన్నాయి.

మన నేల మీద

ఇంతవరకు చెప్పినది పడమటి దేశాల చర్చ. అక్కడ మంత్రం అనేది చాలమందికి కథలోని మాట. మన దగ్గర ఆ మాట పోలీసు స్టేషన్లలో కూడ వినబడుతుంది. తెలంగాణ పల్లెలలో బాణామతి, చేతబడి అనే పేర్లతో, ఉత్తరాంధ్ర మన్యంలో చిల్లంగి అనే పేరుతో అనుమానించి వృద్ధులను, విధవరాండ్రను కొట్టిన, ఊరినుండి వెళ్లగొట్టిన, చంపిన సంఘటనలు మనం పత్రికలలో చదివియున్నాము. జాతీయ నేర నమోదు సంస్థ వార్షిక నివేదికలలో హత్యలకు గల కారణాల క్రింద మంత్రవిద్యకు ఒక ప్రత్యేక శీర్షికే ఉన్నది. అనుమానితుని పళ్లు ఊడగొట్టే క్రూరాచారం కూడ ఉండినది. పళ్లు లేకపోతే మాట స్పష్టంగా పలకదు, పలకకపోతే మంత్రం పారదు అని నమ్మకం. హారీ పాటర్ మొదటి నవలలో ఒక బాలిక తన తోటి విద్యార్థికి మంత్రంలోని అక్షరాన్ని ఎక్కడ సాగదీయాలో దిద్దుతుంది, పిల్లలు నవ్వుకుంటారు. అదే నమ్మకం మన పల్లెలో ఒక ముసలమ్మ నోటిలో రాయి పెట్టి కొట్టించింది.

కనుక మన వేదికల మీద నిలిచి, ఆ పుస్తకంలోని మంత్రాలు నిజమైనవి, పలికితే పనిచేస్తాయి, జాగ్రత్త అని పిల్లలతో చెప్పే ప్రసంగికుడు ఏమి నేర్పుతున్నాడో ఆలోచించాలి. అమెరికా పిల్లవాడు దానిని విని ఒక పుస్తకం మూసివేస్తాడు. మన పిల్లవాడు దానిని విని, వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మను వేరే కన్నుతో చూడవచ్చును. దురాత్మలు లేవని నేను చెప్పడం లేదు. ఫిలిప్పీలోని దాసిలో ఉన్న దయ్యాన్ని పౌలు నిజముగానే వెళ్లగొట్టాడు (అపొ. కార్యములు 16:16-18). అయితే ఆమె పళ్లు ఊడగొట్టలేదు, ఆమెను విడిపించాడు. ఆమెవలన లాభం పొందిన యజమానులకే కోపం వచ్చింది.

మనకు మాంత్రికుల కథలు హారీ పాటర్‌తో రాలేదు. 1947లో ఆరంభమైన చందమామ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలలోని మాంత్రికులను ఎరుగని తరం లేదు. బేతాళుడు శవంలో ఉండి విక్రమార్కునికి కథలు చెప్పేవాడు. కొన్ని క్రైస్తవ గృహాలలో ఆ పత్రికను రానియ్యలేదు. మరికొన్ని గృహాలలో ఆదివారం ఆరాధన తరువాత పిల్లలు దానికోసమే పోట్లాడుకొనేవారు. 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రంలో నేపాళ మాంత్రికుడు ఒక యువకుని బలియిచ్చి శక్తిని సంపాదించాలనుకొంటాడు, చివరకు తానే బలియవుతాడు. ఇతరుల రక్తంతో శక్తి సంపాదించడం మాంత్రికుని మార్గమని ఆ కథకు బాగా తెలుసు. ఆ చిత్రం చూసిన పిల్లలతో, రక్తం తీసుకొనే మాంత్రికునికి, తన రక్తమును ఇచ్చిన రక్షకునికి గల తేడా చెప్పడం ఆదివారపు బడి ఉపాధ్యాయునికి కష్టమైన పని కాదు.

ఇంకొక మాట, కొంత కటువైనది. మన సంఘాలలోకి మంత్రం పుస్తకాల ద్వారా వచ్చినదానికంటె సీసాల ద్వారా ఎక్కువ వచ్చింది. ప్రార్థించిన నూనె, ప్రార్థించిన నీళ్లు, దిండు క్రింద బైబిలు, పరీక్షకు వెళ్లే పిల్లవాని జేబులో ఒక వచనం చీటీ, ఒకే మాటను ఇన్నిసార్లు పలికితే కార్యం జరుగుతుందనే బోధ. స్కెవ కుమారులు యేసు నామమును మంత్రంగా వాడబోయి గాయపడి దిగంబరులై పారిపోయిన సంగతి, పుస్తకాలు కాల్చిన సంగతికి కొన్ని వచనాల ముందే ఉన్నది (అపొ. కార్యములు 19:13-16). లూకా ఆ వరుసలోనే వ్రాశాడు. సమరయలో సీమోను బాప్తిస్మము పొందిన తరువాతనే డబ్బు పట్టుకొని వచ్చాడు. ఇంట్లో తల్లి నూనె సీసాను ఏ విధంగా నమ్ముతున్నదో పిల్లవాడు చూస్తాడు. ఏ నవల చదవకపోయినా మంత్రం అంటే ఏమిటో అక్కడ నేర్చుకొంటాడు.

తలిదండ్రుల నిర్ణయం

ఏ పుస్తకం ఏ ఇంట్లోకి రావాలన్నది ఆ ఇంటి తలిదండ్రులు నిర్ణయించవలసినది. రోమీయులకు 14వ అధ్యాయం, 1 కొరింథీయులకు 8వ అధ్యాయం ఇక్కడ మనకు ఆధారం. విగ్రహము వట్టిదని పౌలుకు తెలుసు, అయినను నిన్నటివరకు దానికి మ్రొక్కినవాని మనస్సాక్షిని అతడు గాయపరచలేదు. తాయెత్తులు, సోదెలు విడిచిపెట్టి మొన్ననే బాప్తిస్మము తీసుకొన్న కుటుంబం, తమ పిల్లలకు మాయా కథలు వద్దనుకొంటే వారిని వెనుకబడినవారని నవ్వకూడదు. వారికి మంత్రం కథ కాదు, విడిచివచ్చిన గతం. నాలుగు తరాలుగా క్రైస్తవులైన పట్టణపు కుటుంబం అదే పుస్తకాన్ని పిల్లలతో చదివితే, వారు లోకంతో రాజీపడ్డారని తీర్పు తీర్చకూడదు. తిననివాడు తినువానికి తీర్పు తీర్చకూడదనియు, తినువాడు తిననివానిని తృణీకరించకూడదనియు పౌలు రెండువైపులా హెచ్చరించాడు.

వయస్సు సంగతి కూడ చూడాలి. నాలుగైదు సంవత్సరాల పిల్లలకు కథ వేరు, నిజం వేరు అని తెలుసు. కాని భయం కలిగినప్పుడు ఆ తెలివి నిలబడదు, పెట్టెలో ఏమీ లేదని తెలిసినా దాని దగ్గరకు వెళ్లరు. హారీ పాటర్ నవలలు సంవత్సరానికొక తరగతి చొప్పున పెరుగుతాయి. మొదటిది పదేళ్ల పిల్లలకు సరిపోవచ్చును. చివరివి హత్యలు, చిత్రహింసలతో నిండియున్నవి. ఒకటి చదివాడు గనుక ఏడూ వరుసగా ఇచ్చివేయడం అజాగ్రత్త. నిషేధించదలచిన తలిదండ్రులు కూడ చదివి నిషేధించడం మంచిది. తండ్రి తెరవని పుస్తకాన్ని తండ్రి ఎందుకు వద్దంటున్నాడని పదమూడేళ్ల పిల్లవాడు అడిగితే, ఎవరో చెప్పారు అనే జవాబు ఆ ఇంట్లో ఇక ఎక్కువకాలం పనిచేయదు.

అనుమతించే తలిదండ్రులు ప్రక్కన కూర్చొని చదవగలిగితే మేలు. ముఖ్యంగా పిల్లవాడు కర్ర పట్టుకొని మంత్రం పలికి, ఇది నిజముగా జరుగుతుందా అని అడిగిన దినాన. అప్పుడు జరగదు అని నెమ్మదిగా చెప్పవచ్చు. ఎందుకు జరగదు అని మళ్లీ అడుగుతాడు. లోకమును మాటతో కలుగజేసినవాడు ఒక్కడే, మనం మాట్లాడితే ఆయన వింటాడు గాని మన మాటకు ఆయన కట్టుబడడు అని చెప్పాలి. అట్లయితే ప్రార్థన చేస్తే జరుగుతుందని గ్యారంటీ లేదా అని మూడవ ప్రశ్న వస్తుంది. దానికి డిగొరీ కథ చదివి వినిపించవచ్చు, లేదా గెత్సేమనే తోటలో మన ప్రభువు చేసిన ప్రార్థనను మార్కు 14వ అధ్యాయం నుండి వానితోనే చదివించవచ్చు.